లేని చోట సున్నా

మా మేడం పోయారు. కెనడాలోనే ఇంకో మూలనున్న రెజైనా నుంచి ఆవిడ భర్త ఫోన్ చేసినప్పుడు నేను కిచెనర్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను. తర్వాత చేస్తాను అంకుల్ అని మెసేజ్ కొట్టి ఫోన్ బోర్లా పెట్టేశాను. సాయంత్రం తీరిగ్గా చేసి ఆ మాట విన్నాను. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే సిగ్గుతోనే మొదలుపెట్టాల్సి వస్తోంది. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకా ముందుంది.

ఆవిడ జంతుశాస్త్రం ప్రొఫెసర్. రెజైనాలో సిటీ బస్సెక్కితే సగం మంది మన పిల్లలే కనిపించే రోజుల్లో, ఎక్కడ సీటొస్తే అక్కడికి ఎగబడి వచ్చిన వాళ్లలో నేనొకణ్ణి. కంప్యూటర్స్ చదువుతూ, మిగతా టైమంతా గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడేవాణ్ణి. ఒకరోజు కాఫీ కొనడానికి వచ్చి, చొక్కా మీద నా పేరు చదివి, “ఏ ఊరు నాన్నా మనది?” అన్నారు. కాసేపు నా చదువు సంగతులు అడిగారు. మరుసటి వారం ఆవిడ ల్యాబ్‌లో నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది.

ఆ పని ఏమిటో చెబితే రూమ్మేట్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఇక్కడి పొలాల్లో బొరియలు తవ్వే గోఫర్లని ఉంటాయి, మన ఉడుతకి పెద్దన్నయ్యల్లా. మేడం వాటి పుర్రెలు పోగుచేసి దాచేవారు. ఒక యంత్రానికున్న సూదిమొనను పుర్రె ముక్కు కొసకో, కంటి గుంత అంచుకో తాకిస్తే, ఆ బిందువు ఎక్కడుందో మూడు అంకెలుగా కంప్యూటర్‌లోకి ఎక్కేది. అలా బిందువులన్నీ పోల్చి, ఏ నేలలో బతికే గోఫర్ తల ఏ ఆకారంలో ఉందో ఆవిడ తేల్చేవారు. ఒక సాఫ్ట్‌వేర్ రాసిన ఫైలు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ఎక్కదు. దీన్నుంచి దానికి మార్చి ఇవ్వడం నా పని.

మార్చిన ప్రతిసారీ ఆవిడ ఒక తంతు పెట్టేవారు. సొరుగులోంచి ఏరి ఏరి పగిలిన పుర్రెలే తీసేవారు. ఒకరు పుర్రెను అరచేతిలో పట్టుకుని వరసగా ఒక్కో బిందువునీ వేలితో తాకుతూ పేరు చెప్పాలి, ఇంకొకరు కొత్త ఫైల్లో చూసుకోవాలి. ఎముక విరిగి బిందువే లేకపోతే ‘లేదు’ అనాలి, తెలుగులోనే. ల్యాబ్‌లో అందరికీ ఆ మాట నేర్పేశారు. ఇక్కడి రైతుల ఇంట్లో పుట్టిన ఒక అమ్మాయి కూడా తడుముకోకుండా ‘లేదు’ అనేది.

నాకు మహా విసుగ్గా ఉండేది. ఖాళీలుంటే ప్రోగ్రాం మొరాయిస్తోంది మేడం, అక్కడ సున్నా పెట్టేద్దాం అన్నానొకసారి. ఆవిడ కోప్పడలేదు. కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని, “సున్నా కూడా ఒక చోటే నాన్నా. లేనిదానికి చోటు చూపిస్తే అబద్ధం ఆడినట్టే కదా,” అన్నారు. నిజమే. సున్నా పెడితే ఆ ముక్కు కొస పోయి కొలతలు మొదలయ్యే మూలలో, పుర్రెకి సంబంధం లేకుండా కూర్చుంటుంది.

చలికాలం సాయంత్రాలు, ఇంజను గడ్డకట్టకుండా కారుకి పెట్టిన కరెంటు ప్లగ్గు పీకి, నన్ను మా బేస్‌మెంట్ ముందు దింపేదాకా ఊరుకునేవారు కాదు. బస్సు కోసం నిలబడితే చెవులు ఊడి చేతికొస్తాయనేవారు. వర్క్ పర్మిట్ గురించి నా గోలంతా దారి పొడుగునా వినేవారు. ఉద్యోగమొచ్చి కిచెనర్ చేరాక నేను పండక్కొక మెసేజ్ పెట్టేవాణ్ణి, అంతే.

ఆవిడ పోయిన కొన్నాళ్లకి అంకుల్ మళ్లీ ఫోన్ చేశారు. ఆ రైతుల అమ్మాయే మేడం చివరి స్టూడెంట్ అట. తన థీసిస్ అంతా మేడం పాత ఫైళ్ల మీదే ఆధారపడి ఉందట, కొత్త సాఫ్ట్‌వేర్‌లో అవి తెరుచుకోవడం లేదట. సంస్మరణ సభలో ఆ పుర్రెలన్నిటి సగటు ఆకారం తెర మీద చూపిద్దామనుకుంటున్నారట. “ఫైళ్ల పని నీకే ఇవ్వమని పోయేముందే చెప్పింది బాబూ మీ మేడం,” అన్నారు.

ఆఫీసులో లంచ్ టైముల్లో ప్రోగ్రాం రాశాను. ఖాళీల దగ్గర ఆగిపోతుంటే, పోనీలే తర్వాత సరిచేద్దామని సున్నాలు పెట్టాను. ఫైలు చక్కగా తెరుచుకుంది. ఆ ‘తర్వాత’ను మర్చిపోయి పంపించేశాను. సొరుగు తీసి నాలుగు పుర్రెలు చదవమని ఆ అమ్మాయికి ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది.

సభకి రెజైనా వెళ్లాను. తెర మీద మేడం ఫోటో పక్కనే సగటు పుర్రె మెల్లగా తిరుగుతోంది. దాని ముక్కు ఎవరో పట్టి ఈడ్చినట్టు ఒక పక్కకి సాగిపోయి ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడే అంకుల్ మైకులో నా పేరు చెప్పి, ఆవిడ పని నిలబెట్టింది ఈ అబ్బాయే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి దండం కూడా పెట్టాను. ఛీ, ఎందుకు పెట్టానో! ముందు వరసలో ఆ అమ్మాయి ఒక్కతే చప్పట్లు కొట్టకుండా తెర వైపు చూస్తోంది.

భోజనాల దగ్గర అంకుల్‌ని పక్కకి పిలిచి, ఆ బొమ్మ తప్పనీ, తప్పు నాదేననీ చెప్పేశాను. ఆయన చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని, “నాకేం తెలుస్తుంది బాబూ, నాకు బాగానే కనిపించింది,” అన్నారు. ప్లేటు బల్ల మీద పెట్టి, “ఆవిడకి తెలిసేది,” అన్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఉదయం ల్యాబ్‌కి వెళ్లి ఆ అమ్మాయికి సారీ చెప్పాను. మేడం కోసం అందరూ చప్పట్లు కొడుతుంటే మధ్యలో బొమ్మ తప్పని ఎలా చెప్పాలో తెలియలేదంది. సున్నాలన్నీ తీసేసి ఫైలు మళ్లీ మార్చాను. నేను అడక్కముందే తను సొరుగు తెరిచి, పగిలిన పుర్రె ఒకటి ఏరి అరచేతిలో పెట్టుకుంది. ఒక్కో బిందువునీ తాకుతూ ఇంగ్లీషులో పేర్లు చెబుతోంది, నేను స్క్రీన్ మీద చూసుకుంటున్నాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

“లేదు,” అంది.

కొత్త ఫైల్లో ఆ గడి ఖాళీగానే ఉంది. తలూపాను. తను వెంటనే తర్వాతి బిందువుకి వెళ్లలేదు. విరిగిన ముక్కు ముందు, ఎముక ఉండాల్సిన చోట, తన వేలు గాలిలో అలాగే ఆగి ఉంది.