టవర్‌కూ మాకూ మధ్య అధ్యక్షుల వారు

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌కు ఇంటర్నెట్ తీగ మీద రాదు. రెండు కిలోమీటర్ల అవతలి టవర్ నుంచి గాల్లో వచ్చి మా డాబా మీది డిష్‌లో పడుతుంది. వారం రోజులుగా అది నత్తనడక నడుస్తోంది. ఈ రోజు నాలుగింటికి నాకు ఇంటర్న్‌షిప్ కోసం ఆన్‌లైన్ పరీక్ష. అందుకే టెక్నీషియన్ యాదగిరన్న రాగానే వెంటపడి డాబా ఎక్కాను. మా సంఘం అధ్యక్షుడు ప్రసాదరావు గారూ విచ్చేశారు.

"చుట్టుపక్కల వై-ఫైలు అడ్డొస్తున్నాయండి. ఛానల్ మార్చేయండి, చాలు," అని తీర్పు చెప్పారు.

యాదగిరన్న మూడుసార్లు మార్చాడు. వేగం పెరగలేదు. చివరికి డిష్ వెనక కూర్చుని, ఒక కన్ను మూసి టవర్ వైపు చూశాడు.

"సార్, జర ఇటొచ్చి చూడుండ్రి. టవర్ కనవడ్తలేదు, మీరే కనవడ్తున్నరు."

పోయిన ఆదివారం డాబా మీద జరిగిన సన్మానసభ ఫ్లెక్సీ, పెద్ద ఇనుప రేకుకు అతికించినది, డిష్‌కు ఎదురుగా అలాగే నిలబడి ఉంది. దాని మీద ప్రసాదరావు గారు నమస్కరిస్తున్నారు. కింద "మెరుపువేగ ఇంటర్నెట్ తెచ్చిన మన అధ్యక్షులకు అభినందనలు" అని రాసి ఉంది.

"డిష్‌నే పక్కకు జరపొచ్చు కదండీ?" అన్నారు ప్రసాదరావు గారు.

"జరపొచ్చు సార్, గంటన్నర పడ్తది. మిమ్మల్నయితే రెండు నిమిషాలల్ల దించొచ్చు."

అప్పటికి మూడూ నలభై. నేను ఎవరినీ అడక్కుండా ఫ్లెక్సీ కట్లు విప్పి దించేశాను. పరీక్ష బాగానే రాశాను.

సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫోటో వచ్చి రెప్పపాటులో తెరుచుకుంది. డిష్ పక్కన ప్రసాదరావు గారు, "సమస్యను స్వయంగా పరిష్కరించిన అధ్యక్షులు" అన్న వ్యాఖ్యతో. అందరూ చప్పట్లు పెట్టారు. నేనూ పెట్టాను, వై-ఫై పాస్‌వర్డ్ ఆయన చేతిలో ఉంది మరి.

మీ డాబా మీద ఎవరు నమస్కరిస్తున్నారో ఒకసారి ఎక్కి చూసి చెప్పండి.