హోసూరులో నొక్కిన మీట

నేను అరవై దాటినాక అక్షరాలు నేర్చుకొన్న మనిషిని. పోయినేడు హోసూరులో ఆడోళ్లకు కంప్యూటర్ నేర్పిస్తామంటే, అంచెట్టి పక్క మా పల్లె నుంచి రెండు బస్సులు మారి పోయినాను.

మనం ఏం చెయ్యాలో వరసగా రాసిస్తే కంప్యూటర్ అట్లే చేస్తుందని టీచరమ్మ చెప్పింది.

"మా బోరు మోటారు కూడా ఫోన్లో చెప్తే తిరుగుతుందమ్మా" అన్నాను గొప్పగా.

"యాడ, చూపించవ్వా!" అన్నారు అందరూ.

ఫోను తీసి, అక్షరాలు కూడబలుక్కొని, ఆన్ అనే మీట నొక్కినాను.

నొక్కినాకే గుర్తొచ్చింది. మోటారు వైర్లు కాలిపోయినాయి, ఈ పొద్దు మారుస్తానని మా ఆయన చెప్పినాడు. ఈపాటికి ఆ వైర్లు ఆయన చేతిలోనే ఉంటాయి.

ఆఫ్ నొక్కినాను. మోటారు నుంచి ఏ జవాబూ రాలేదు. ఆయనకు ఫోను చేస్తే రింగు పోతోంది, ఎత్తడం లేదు. వైర్ల సంగతి చెప్పి ఫోను టీచరమ్మ చేతికిచ్చినాను. ఆమె మళ్లీ మళ్లీ చేసింది.

పావుగంటకు మా ఆయన ఎత్తినాడు, టీచరమ్మ స్పీకరు పెట్టింది. "ఏమే, ఏమైంది?"

"బతికుండావా?" అని అరిచినాను.

"ఫోను పట్టుకొని నువ్వు ఊరిమీద పోతే, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోకుండా నేను వైరు ముడతానా?"

క్లాసంతా నవ్వినారు. నేను కూచున్న చోటనే ఏడ్చినాను.

నీళ్లు లేకుంటే ఆగమని ఆ మోటారుకు ఎవరో రాసి పెట్టినారు. మనిషి చెయ్యి పెట్టింటే ఆగమని ఎవరూ రాయలేదు. అది రాసేది నేర్చుకొందామనే మళ్లీ క్లాసుకు పోతున్నాను. అంతవరకూ, నొక్కే ముందు ఫోను చేసి "యాడుండావు?" అని అడుగుతాను.