కొవ్వు మందు

మా ఆయన పోయిన మరుసటి ఏడాది సంగతి ఇది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

రక్తంలో కొవ్వు ఎక్కువుందన్నారని, అనకాపల్లి మందుల షాపులో మొక్కల నుంచి తీసిన బిళ్ళల డబ్బా కొనుక్కుని, ఆడపడుచుతో కలిసి కె. కోటపాడు షేర్ ఆటో ఎక్కాను. మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాను. కుదుపుకి డబ్బా సంచిలోంచి జారిపడితే ఎదుటి సీటు పెద్దాయన తీసి చదివాడు.

"ఇది ప్రోస్టేటు మందమ్మా. మగోళ్ళకి ఒంటేలు సాఫీగా అవడానికి."

ఆటో అంతా నా వైపు తిరిగింది. ఆడపడుచు గొంతు పెంచింది.

"అన్నియ్య పోయేడు కదా వదినా! మరి ఈ మందు ఎవుడికి?"

"నాకే. కొవ్వుకి."

"కొవ్వేలే, కనపడతంది!"

అందరూ నవ్వారు. దిగిపోదామంటే కాలు కదిపే చోటు లేదు. డబ్బా లాక్కుని, మూత తీసి, అందరూ చూస్తుండగానే ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను. నీళ్ళు లేక అది గొంతుకి అడ్డం పడింది. ఊపిరాడలేదు. చివరికి ఆడపడుచే నా వీపు చరుస్తూ, "మింగు వదినా, మింగు" అని ఏడ్చింది.

ఆ మందు కొలెస్ట్రాల్‌కీ, ప్రోస్టేటుకీ కూడా అమ్ముతారని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆడపడుచు నమ్మింది. కానీ ఆటోలో నవ్వినవాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళు దిగిపోయారు. వాళ్ళకి ఎవరు చెబుతారు?