గోల్కొండలో గొర్ల కేక

రెండు రోజుల్లో హైదరాబాదంతా చుట్టేద్దామని అచ్చంపేట నుంచి ముగ్గురు దోస్తులం వెళ్లాం. నిన్న చార్మినార్, జూపార్కు. ఈ రోజు గోల్కొండ. కింద దర్వాజ దగ్గర చప్పట్లు కొడితే కోట పైన వినిపిస్తుందట. మల్లేశ్‌ను కింద నిలబెట్టి మేమిద్దరం ఎక్కాం. గొర్లకాపరి కొడుకు కదా, చప్పట్లకు బదులు మందను మళ్లించే కేక వేశాడు. పైన మాకు వినిపించింది మాత్రం, పోయిన ఎండాకాలం చనిపోయిన వాళ్ల నాయిన గొంతు.

దిగొచ్చి, "అచ్చం మీ నాయిన లెక్కనే పిలిచినవ్‌రా" అన్నాను.

"నాకు గూడ గట్లనే ఇనబడ్డది. అందుకే మల్ల పిలువలే."

తిరుగు బస్సు కల్వకుర్తి దాటాక మెల్లగా అడిగాడు: "మంద అమ్మేసినమని నాయినకు ఎవరు జెప్పాలెరా?"

మీరైతే ఏమనేవారు? గోల్కొండ వెళ్లేవాళ్లు మాత్రం చప్పట్లే కొట్టండి.