మిషన్ పక్క గూడు

మా ఓనరు అమీర్ అలీ చాచాకు చెవులు వినబడవు. జీడిమెట్లలో రేకులు కొట్టే ప్రెస్సు ముందు ఏళ్ల తరబడి నిలబడి, వినికిడి అక్కడే వదిలేసి కరీంనగర్ రోడ్డు మీది అలియాబాద్‌లో ఇంటికొచ్చి కూర్చున్నాడు. కూర్చోవడం కూడా గోడవైపు తిరిగి. పలకరిస్తే తల ఊపేవాడు. అది అవునో కాదో ఆ దేవుడికే తెలియాలి. పై వాటాలో అద్దెకుండే నాకు చూస్తే ఒళ్లు మండేది. మనిషన్నాక ఒక మాటా పలుకూ ఉండొద్దా? ప్రతి శుక్రవారం భార్య సైదా చాచీ కుట్టు మిషన్‌కు నూనె వేయడం ఒక్కటే ఆయనకు మిగిలిన పని.

ఆయన కుర్చీని ఇటు తిప్పినవి రెండు ఫించ్ పిట్టలు. కూతురు మరియా అత్తవారింటికి వెళ్తూ పంజరాన్ని మిషన్ పక్కన కిటికీకి తగిలించి పోయింది. ఎర్రటి ముక్కులు, బూడిద రంగు ఒళ్లు, నా బొటనవేలంత ప్రాణాలు. చాచా కొర్రలు చెరిగి పోసేవాడు. కొబ్బరి పీచు పొట్టిగా కత్తిరించి ఇచ్చేవాడు, పొడుగుంటే పిల్లల కాళ్లకు చుట్టుకుంటుందని. పంజరంలో కట్టిన చిన్న ముంతలో అవి గూడు పెట్టుకున్నాయి. చాచా వాటితో మాట్లాడేవాడు, ఆ ఊపులో మాతోనూ మాట్లాడేవాడు.

కానీ రెండుసార్లు గుడ్లు పెట్టి రెండుసార్లూ వదిలేశాయి. మొదటిసారి వీళ్లు మరియాను చూడ్డానికి వెళ్లినప్పుడు, రెండోసారి మిషన్ రిపేరుకు పోయిన రోజుల్లో. "ఇంకోపారి గిట్లయితే పిట్టలను ఎవలకన్న ఇచ్చేస్త. నేను సూడలేను" అన్నాడు చాచా. పిట్టలు పోతే కుర్చీ మళ్లీ గోడవైపు తిరుగుతుందని చాచీ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

మూడోసారి గుడ్లు పెట్టగానే మరియా ఫోన్లో చెప్పింది, గూడు దగ్గర చప్పుడే ఉండొద్దని. చాచీ వెంటనే మిషన్ ఆపేసింది, పరదా దించింది, మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టింది. ఆమె కుడుతున్న నా జాకెట్టు ఒక చెయ్యి లేకుండా అలాగే ఉండిపోయింది. రేపు పొద్దున మా చెల్లెలి నిశ్చితార్థం. పిట్ట గుడ్లు పెట్టింది కాబట్టి నాకు జాకెట్టు లేదని ఎవరితో చెప్పుకోను?

మధ్యాహ్నం తాడోపేడో తేల్చుకుందామని కిందికి దిగాను. పరదా గుండా పచ్చటి వెలుగు పడి గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. రోడ్డు మీది లారీల మోత ఎక్కడో నిద్రలో విన్నట్టు వస్తోంది. అడగాల్సింది మరిచిపోయి గడపలోనే నిలబడ్డాను. పిట్టలు రెండూ ముంత బయట, మెడలు చాచి బెదురుగా చూస్తున్నాయి. లోపల గుడ్ల మీద ఎవరూ లేరు. చాచీ కొంగు నోట్లో కుక్కుకుంది.

పొద్దున్నుంచీ చాచా ఉత్త పాదంతో నేల మీది షాబాద్ బండలను తడుముతూనే ఉన్నాడట. ఇప్పుడు లేచి వచ్చి మిషన్ చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూనే, నేనుంటే తెలుగులోకి దిగుతారు.

"మిషన్ నడుపు సైదా. గిది ఆగినప్పుడే అవి గుడ్లిడిశిపెట్టినయి, రెండుపార్లు. గా చప్పుట్లనే బతికినయి. నాకు గూడ కాళ్ల కింద అదురు లేకుంటే ఇల్లు ఖాళీ అయినట్టున్నది."

చాచీ భయపడుతూ పీట మీద కూర్చుంది. చేతికి అందిన గుడ్డ నా జాకెట్టే. మెల్లగా తొక్కింది. టకటకలు గది నిండా పరుచుకున్నాయి. ఒక పిట్ట తల వంచి విని ముంతలోకి దూరింది. చాచా కళ్లు మూసుకుని పాదాలు రెండూ బండకు ఆనించాడు. నా జాకెట్టు చెయ్యి అతికేదాకా ఎవరం కదల్లేదు.

రెండు వారాలకు పిల్లలు పుట్టాయి. ముంతలో నోళ్లు తెరిచి అరుస్తుంటే చాచా ఆ వణికే గొంతులనే చూస్తూ నన్ను అడిగాడు.

"ఎట్లున్నది బిడ్డా చప్పుడు?"

నేను చాచీ వైపు చూశాను. చాచీ ఆయన ముందుకు వచ్చి, పెదాలు కనబడేలా నిదానంగా చెప్పింది.

"నూనె అయిపోతే మిషన్ కీచుమంటది సూడుండ్రి, గట్లనే."

చాచా మిషన్‌ వైపు తిరిగాడు.

"గా చప్పుడు నాకు యాదికున్నది" అన్నాడు.

ఆ శుక్రవారం ఆయన మిషన్‌కు నూనె వేయలేదు.