కోడికూరకు మూత పెట్టిన ఆదివారం

నా చిన్నప్పుడు కోడికూర పండుగకో, చుట్టాలొస్తేనో తప్ప దొరికేది కాదు. అందుకే మా గోదావరిఖని చర్చికి కొత్త రేకులు వేసిన సందర్భంగా ప్రేమవిందు పెడుతున్నారని తెలిసిన రోజు నుంచి మా పిల్లల కాళ్లు నేలమీద నిలవలేదు. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి కూర్చుని తినే భోజనం అది. బగారన్నం, కోడికూర. వరంగల్ నుంచి పేరున్న ప్రసంగీకుడు కూడా వస్తున్నాడని పెద్దలు సంబరపడుతున్నారు. మాకు మాత్రం కూరలో ఎవరికి ఏ ముక్క వస్తుందన్నదే పెద్ద చర్చ.

బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లు అయిపోయే చోట, రోడ్డు పక్కన ఉండేది మా చర్చి. ఒక్కటే హాలు. ఆ రోజు దాని ముందు టెంటు కూడా వేశారు. మా పెదనాయన సంఘపెద్ద. వారమంతా బాయిలో దిగి పనిచేసే మనిషే అయినా, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కున్నాడంటే ఆయన మాటకు ఎదురుండేది కాదు, ఒక్క మా నాయనమ్మ దగ్గర తప్ప. ఎంత సంఘపెద్ద అయినా ఆమెకు కొడుకే కదా.

ప్రసంగం మొదలయ్యేసరికి ఎండ మండిపోతోంది. వెనక పొయ్యిల మీద నుంచి మసాలా వాసన కిటికీల్లోంచి లోపలికి వస్తోంది. ప్రసంగీకుడు అబ్రాహాము కథ ఎత్తుకున్నాడు. ఎండవేళ గుడారం గుమ్మంలో కూర్చున్న ముసలాయనకు ముగ్గురు బాటసారులు కనబడ్డారు. వాళ్లెవరో తెలియదు. అయినా లేచి ఎదురు పరుగెత్తాడు. కాళ్లకు నీళ్లిచ్చాడు. రొట్టెలు చెయ్యమని భార్య దగ్గరికి పరుగు, లేగదూడను తేవడానికి మంద దగ్గరికి పరుగు. ఆయన చెబుతున్న తీరుకు, కూర మీద ధ్యాస ఉన్న నేను కూడా కాసేపు నోరు తెరిచి విన్నాను.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద పెద్ద చప్పుడైంది. పూలదండలు కట్టిన ఒక బస్సు బుస్సుమని ఆవిరి కక్కుతూ మా చర్చి ముందు ఆగిపోయింది. లోపలి నుంచి ఒక పెళ్లిబృందం దిగింది. ముస్లింలు. మొహం మీద పూలసరాలు వేలాడుతున్న పెళ్లికొడుకు, బుర్ఖాల్లో ఆడవాళ్లు, జరీ బట్టల్లో చెమటకు తడిసిపోయిన పిల్లలు. చుట్టుపక్కల చెట్టు లేదు. బస్సు పక్కన పడిన మూరెడు నీడలో ఒక ముసలమ్మను కూర్చోబెట్టి కొంగులతో విసురుతున్నారు. ఆమె తల ఒక పక్కకు వాలిపోతోంది.

కిటికీ పక్కన చాప మీద కూర్చున్న మా నాయనమ్మ అది చూసి లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పులతో మామూలుగా ఇద్దరు పడితే గానీ లేవని మనిషి!

పెదనాయన కళ్లెర్ర చేశాడు. "అవ్వా, కూసో. వాక్యం నడుస్తంది."

"వాక్యంల గా ముసలాయన ఉరుకుతుండు. మనం కూసోని వింటె ఎట్లరా?" అని నాయనమ్మ గుమ్మం వైపు నడిచింది.

ప్రసంగీకుడు ఒక్క క్షణం ఆమెనే చూశాడు. తర్వాత బైబిలు మూసి బల్ల మీద పెట్టి, "అవ్వ నిజమే చెప్పింది, రండి" అంటూ ఆమెను దాటుకుని బయటికి పరుగుతీశాడు. అంతే, సంఘమంతా ఆయన వెనకే. ఆరాధన మధ్యలో పరుగెత్తితే దెబ్బలు పడే చోట, పెద్దవాళ్లంతా పరుగెత్తుతున్నారు!

ఆ ముసలమ్మ పెళ్లికొడుకు నాయనమ్మ. ఆమెను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తి టెంటు కిందికి తెచ్చారు. తడిగుడ్డతో మొహం తుడిచి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గుక్కగుక్కగా తాగించింది మా నాయనమ్మ. కాసేపటికి ఆ ముసలమ్మ కళ్లు తెరిచి ఎవరిదో పేరు పెట్టి పిలిచింది. పెళ్లికొడుకు ఆ పూలసరాలతోనే పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు. చుట్టూ నిలబడ్డ అందరికీ ఊపిరి వచ్చింది.

రోడ్డుకు అవతల మెకానిక్ చాచా ఉండేవాడు. ఆయన బస్సు కింద దూరి చూసి, "జర టైం పడ్తది. ఫికర్ చెయ్యకుండ్రి, నిఖా టైంకు పంపిస్త" అన్నాడు.

ఇక మా పెదనాయన విస్తళ్లు వేయించాడు. ముందు చుట్టాలకే వడ్డించమన్నాడు. కానీ వాళ్లెవరూ కదలలేదు. తిన్నామనీ, ఆకలి లేదనీ అంటున్నారు. ఒక పిల్లవాడు కూరగంజు వైపు చెయ్యి చాపితే వాళ్లమ్మ మెల్లగా ఆ చెయ్యి వెనక్కి లాగింది. అది మా నాయనమ్మ కంట పడింది. చాచా వెంట వచ్చిన ఆయన భార్యను, మేమంతా ఆపా అని పిలిచే ఆమెను, పక్కకు తీసుకెళ్లి అడిగింది. సంగతి తేలింది. వాళ్ల పద్ధతిలో దువా చదివి కోసిన మాంసమే వాళ్లు తింటారు. మా కోళ్లను పొద్దున మా పెదనాయనే కోశాడు. పెట్టినవాళ్ల మనసు నొప్పించలేక ఆ మాట పైకి చెప్పడం లేదు.

"కూరకు మూత పెట్టుండ్రి" అంది నాయనమ్మ.

"అవ్వా, మన పిలగాండ్లు పొద్దటి నుంచి ఎదురుచూస్తుండ్రు" అన్నాడు పెదనాయన.

"చుట్టాల ముంగట మనం బొక్కలు చీకుకుంట కూసుంటమా? ఆళ్లేం తింటె మనం గదే తిందాం."

నాకు ఏడుపు ఆగలేదు. నాయనమ్మ నా బుగ్గలు తుడిచి, "ఏడ్సుడు తర్వాత. జల్ది ఉరుకు. ఇల్లిల్లు తిరిగి కోడిగుడ్లు పట్టుకరా" అంది.

పరుగు మొదలుపెట్టాక ఏడుపు ఎక్కడ పోయిందో నాకే తెలియదు. పిల్లలమంతా క్వార్టర్ల వరసల్లోకి చెదిరిపోయాం. తలుపు తట్టడం, "గుడ్లియ్యుండ్రి, పెండ్లోళ్లు వచ్చిండ్రు!" అని అరవడం. ఎవరి పెండ్లి అని ఒక్కరూ అడగలేదు. కొందరు గుడ్లిచ్చారు, కొందరు టమాటాలు, ఒకావిడ కందిపప్పు డబ్బానే చేతిలో పెట్టింది. గౌను ఒడి నిండా గుడ్లతో, ఒక్కటి కూడా పగలకుండా తెచ్చానని నేను ఎంత మురిసిపోయానో!

ఆపా తన ఇంటి గంజులు తెచ్చి, కొంగు నడుముకు చెక్కి, మసాలా తనే కలిపింది. పొయ్యి దగ్గర ఆమె, మా నాయనమ్మ ఒకరి ఉప్పును ఒకరు సరిచేసుకుంటున్నారు. ప్రసంగీకుడు తెల్లబట్టలతోనే నేల మీద బాసింపట్టు వేసుకుని, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ మాతో పాటు గుడ్ల పెంకులు వొలిచాడు. ఆయన వొలిచిన గుడ్లన్నీ గుంటలు పడుతుంటే పెళ్లికొడుకు చెల్లెళ్లు పడీపడీ నవ్వారు.

అందరం కొత్త రేకుల కింద కలిసి కూర్చుని బగారన్నం, గుడ్లకూర, పప్పు తిన్నాం. నా పక్కన కూర్చున్నది గంజు వైపు చెయ్యి చాపిన ఆ పిల్లవాడే. మారు అడిగి మరీ తిన్నాడు. ముసలమ్మ కూడా రెండు ముద్దలు తిని, "ఇయ్యాల మీకేం పండుగ బిడ్డా?" అని మా నాయనమ్మను అడిగింది.

"కొత్త రేకులేసినం అమ్మా. వాటి నీడకు మొదలొచ్చిన చుట్టాలు మీరే."

ఎండ వాలుతుండగా బస్సు గర్రుమంది. మేమంతా కేకలు పెట్టాం. డ్రైవర్ మా కోసమని హారన్ మోగిస్తూనే పోయాడు. ఆ సాయంత్రం మళ్లీ మరగబెట్టిన కోడికూర తిన్నాం. బాగానే ఉండింది. కానీ అందరి మాటలూ పెళ్లివాళ్ల గురించే. మధ్యలో ఆగిన ప్రసంగాన్ని పూర్తి చేయమని ఎవరూ అడగలేదు, ప్రసంగీకుడూ పూర్తి చేయలేదు.

ఇంటికి పోతూ, అంత మంచి కూరను ఎందుకు దాచావని నాయనమ్మను అడిగాను. "మనకు మంచిగుంటె సరిపోదు బిడ్డా. వచ్చినోళ్లు నిమ్మళంగ తినాలె. ఆళ్లకేం గావాల్నో గది ముందు అడగాలె" అంది.

ఆ తర్వాత అబ్రాహాము మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. నాకు గుర్తుండేది మాత్రం ఆ రోజు నాయనమ్మ అడిగిన తీరే. మొన్న ఎండల్లో మా పక్క వాటాలోకి ఒక కొత్త జంట దిగింది. అతనికి మా దగ్గరి జైపూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. ఊరు ఒడిశా అట. సామాన్ల మధ్య అలసిపోయి కూర్చున్న ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, "ఏం తింటవు బిడ్డా?" అని అడిగాను. వచ్చీరాని తెలుగులో, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వెయ్యని పప్పయితే తింటానంది.

అట్లాంటి పప్పు నేను జన్మలో వండలేదు. అయినా సరేనని చెప్పి, గబగబా ఇంటికొచ్చి కుక్కర్ ఎక్కించాను.