కషాయం మానేసిన ఇల్లు

సునీలకు జలుబు మంగళవారం మొదలైంది. బస్సు సాతంరాయి దాటేటప్పుడు గొంతులో చిన్న గరగర. ఆరాంఘర్ చేరేసరికి వరసగా ఎనిమిది తుమ్ములు. అఫ్జల్‌గంజ్‌లో దిగి కుళాయి దగ్గర మొహం కడుక్కునేసరికి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మే నెల, బయట నలభై మూడు డిగ్రీల ఎండ. అందరూ కొంగులతో, దస్తీలతో చెమట తుడుచుకుంటుంటే ఆమెకు మాత్రం వెన్నులో వణుకు పుట్టింది.

కొత్తూరు నుంచి శంషాబాద్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లే బస్సులో ఆమె కండక్టర్. వయసు నలభై రెండు. తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నం మూడు గంటలకు డ్యూటీ దిగుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం వచ్చాక బస్సు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, మిషన్ నొక్కి జీరో టికెట్ చింపి ఇవ్వాలి. ఆ జనంలో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు రోజుకు ఎన్నిసార్లు దూరిపోతుందో ఆమెకే తెలియదు. ఇంటికి వచ్చాక కాళ్లు గోడకు ఆనించి పడుకుంటేనే గానీ వాపు దిగదు.

బుధవారం నాటికి ఆమె జలుబు బస్సులో అందరి సమస్య అయిపోయింది. రోజూ ఎక్కే ఆడవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు.

"పసుపుకొమ్ము కాల్చి ఆ పొగ ముక్కుకు పట్టుకో అక్కా. రెండే పూటలు" అంది ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పోయే సంతోషి.

"పొగ గిగ ఎందుకు? చాయ్‌ల నాలుగు చుక్కలు జిందా తిలిస్మాత్ ఎయ్యి" అంది ఇంకొకామె.

"నాటుకోడి షోర్వా చెయ్యిమను మీ ఇంట్ల. మిరియాలు దండిగ ఎయ్యాలె."

"ఎండల మిరియాలా? ముక్కుల నుంచి రక్తం కారుతది. నువ్వు మజ్జిగ తాగు మేడమ్."

"జలుబుకు మజ్జిగంటవేంది? పిస్స లేసిందా నీకు?"

ఎండాకాలపు జలుబుతో వచ్చే చిక్కే అది. జలుబుకు చేసే వైద్యం ఒంటికి వేడి చేస్తుంది. వేడికి చేసే వైద్యం జలుబును పెంచుతుంది. సునీల అందరికీ తల ఊపింది. సరే అంది. ఇంటికి పోయి జ్వరం మాత్ర ఒకటి వేసుకుని పడుకుంది. పసుపు డబ్బా వైపు గానీ మిరియాల డబ్బా వైపు గానీ చూడలేదు.

ఆ ఇంట్లో కషాయం కాచి నాలుగేళ్లయింది.

ఆమె భర్త శాంతయ్య ఆర్టీసీలోనే బస్సు డ్రైవర్‌గా చేసేవాడు. మనిషి మాట్లాడేది తక్కువ, నవ్వేది ఎక్కువ. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో ఆయనకూ ఇలాగే గొంతు గరగరతో మొదలైంది. ఆయన తల్లి లీలమ్మకు ఆకులూ దినుసులూ బాగా తెలుసు. వాడకట్టులో ఏ పిల్లకు దగ్గొచ్చినా ఆమె దగ్గరికే తెచ్చేవారు. "జలుబే. మూడు దినాలల్ల తగ్గుతది" అని శొంఠి, మిరియాలు, వాము, తులసి వేసి పూటకో గ్లాసు కాచి ఇచ్చింది. నాలుగు రోజులు ఇచ్చింది. ఐదో రోజు ఊపిరి అందక దవాఖానకు తీసుకుపోతే పన్నెండో రోజుకు మనిషి పోయాడు.

తర్వాత ఏడాదిన్నరకు భర్త ఉద్యోగం బదులు సునీలకు కండక్టర్ పని వచ్చింది. శంషాబాద్‌లో చర్చి వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. ఆమె, అత్త లీలమ్మ, డిగ్రీ చదివే కూతురు జెన్నిఫర్. లీలమ్మ ఆ తర్వాత ఎవరికీ మందు చెప్పలేదు. అడిగినవాళ్లను దవాఖానకు పొమ్మంది. అత్తాకోడళ్ల మధ్య గొడవేమీ లేదు. అన్నం వేళకు పిలుచుకుంటారు, కలిసే ప్రార్థనకు పోతారు. కానీ అత్త కాచిన చాయ్ సునీల తాగడం మానేసింది. డ్యూటీకి పోతూ దారిలో తాగుతానని చెప్పేది. అదే అలవాటైపోయింది.

గురువారం ఉదయానికి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. ఉన్న సెలవులన్నీ మార్చిలో లీలమ్మ కంటి ఆపరేషన్‌కు అయిపోయాయి. రెండు మాత్రలు మింగి, ఖాకీ కోటు తొడుక్కుని బస్సెక్కింది.

స్టాపుల పేర్లు పిలవలేక చేతిలోని నాణెంతో కడ్డీ మీద కొడుతూ పోయింది. శంషాబాద్ దాకా బాగానే జరిగింది. గగన్‌పహాడ్ దాటి అర కిలోమీటరు పోయాక వెనక నుంచి ఒకతను దూసుకొచ్చాడు.

"గగన్‌పహాడ్ వస్తే చెప్పాలె గదా! డ్యూటీకి లేటైతున్న నేను. నోట్ల నాలిక లేదా?"

సునీల గొంతు చూపించి చెయ్యి ఊపింది. అతనికి అర్థం కాలేదో, అర్థం చేసుకునే ఓపిక లేదో.

"ఏంది చెయ్యూపుతవ్? పని చేతగాకపోతె ఇంట్ల కూసోవాలె."

పాల్మాకులలో ఎక్కిన చంద్రమ్మ అనే ముసలామె ముందు సీట్లో కూరగాయల గంప కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆమె వెనక్కి తిరిగింది.

"గొంతు వోయింది పిల్లకు. కండ్లు కనవడ్తలెవ్వా నీకు? రోజు వొయ్యేటోనివే గదా, నీ స్టాపు నీకు తెల్వదా?"

నలుగురూ తన వైపు చూసేసరికి అతను గొణుక్కుంటూ బస్సు ఆపించి దిగిపోయాడు. సునీల కళ్లు తుడుచుకుంది. జలుబుతో పొద్దుటి నుంచీ కళ్లు కారుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు.

"నువ్వు గమ్మున టికెట్లు కొట్టు బిడ్డా. మేం ఒర్లుతం" అంది చంద్రమ్మ.

నిజంగానే అరిచింది. "ఆరాంఘర్! దిగేటోళ్లు ముందటికి రాండ్రి!" అని ఆమె ముందు నుంచి అంటే, వెనక నుంచి కాలేజీ పిల్ల ఒకతె అదే మాట మళ్లీ అంది. అఫ్జల్‌గంజ్ దాకా ఒక్క స్టాపు తప్పకుండా పిలిచారు. కొందరు నవ్వుతూ, కొందరు పోటీపడి. దిగేటప్పుడు చంద్రమ్మ కొంగుముడి విప్పి చిన్న కాగితం పొట్లం సునీల చేతిలో పెట్టింది.

"శొంఠి, మిరియాలు, వాము. నిన్న నిన్ను చూసినంక కట్టుకొచ్చిన. రెండు తులసాకులేసి కాగవెట్టుకో."

వద్దని చెప్పడానికి సునీలకు గొంతు లేదు. తీసుకుని కోటు జేబులో వేసుకుంది. ఎక్కడైనా పారేద్దామనుకుంది. మూడు గంటలకు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. కోటు విప్పి బకెట్ మీద పడేసి, కూలర్ ముందు కాకుండా పక్క గదిలో, ఉక్కలోనే దుప్పటి కప్పుకుని పడుకుంది.

కోటు ఉతకబోయిన లీలమ్మకు పొట్లం దొరికింది. విప్పకుండానే వాసన పట్టింది ఆమె. పొట్లం అరచేతిలో పెట్టుకుని వచ్చి కోడలి పక్కన నేల మీద కూర్చుంది.

"ఎవలిచ్చిన్రు?"

"బస్సుల ఒక పెద్దమ్మ" అంది సునీల. మాట గాలిలాగా వచ్చింది.

"తాగుదామని తెచ్చినవా, పారేద్దామని తెచ్చినవా?"

సునీల గోడ వైపు చూసింది.

పైన విమానం ఒకటి దిగుతూ పోయింది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి లీలమ్మ మొదలుపెట్టింది.

"నాలుగేండ్లాయె సునీలా. ఒక్కపారి గూడ నువ్వు నన్నేం అనలె. ముసల్దానా, నీ కషాయం నమ్ముకొని కొడుకును పోగొట్టినవ్ అని అనలె. అనుంటె జర పానం తేలికయ్యేది. నువ్వేమో అనకుంట, నా చేతి చాయ్ తాగకుంట తిరుగుతున్నవ్. గది మోసుడే కష్టమైతుంది నాకు."

సునీల లేచి కూర్చుంది. తల తిరిగితే గోడకు ఆనుకుంది. చెప్పాల్సిన మాట పెద్దది, గొంతేమో లేదు. అత్త చెవి దగ్గరికి వంగి ఒక్కో మాటా ఊపిరితో నెట్టింది.

"మూడో దినం ఆయన దవాఖానకు పోదామన్నడు. మీరు అప్పుడు బయట తులసి తెంపుతున్నరు. నేనే వద్దన్న. బెడ్లు దొరుకుతలేవంట, రేపటిదాంక చూద్దామన్న. ఎల్లుండిదాంక చూసిన. మీ మీద కోపం కాదత్తమ్మా. కషాయం వాసనొస్తే నాకు ఆ మాటే యాదికొస్తది."

"నాకెందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె?"

లీలమ్మ పొట్లం చుట్టూ కాగితాన్ని సర్దుతూ ఉండిపోయింది. ఏడుపు ఇద్దరికీ రాలేదు. ఏడ్చేంత బలం కూడా ఆ పూట ఇద్దరికీ లేదు. ఉతకాల్సిన కోటు బకెట్ మీద అలాగే ఉంది.

ఐదింటికి జెన్నిఫర్ పరీక్ష రాసి వచ్చింది. తల్లి దగ్గు విని చెప్పులు కూడా విప్పలేదు.

"మమ్మీ, నడువు దవాఖానకు. రేపు, ఎల్లుండి అనకు. నాకు గది వినబుద్ధి కాదు."

"పోదాం" అంది లీలమ్మ, కోడలి కంటే ముందే. తనూ చీర సర్దుకుని బయల్దేరింది.

బస్టాండు పక్క వీధిలో డాక్టరమ్మ సునీల వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. ముగ్గురూ ఆ అంకె వైపే చూశారు. తొంభై ఎనిమిది. వీపు మీద, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, గొంతులో లైటు వేసి చూసింది.

"ఊపిరితిత్తులు బాగున్నాయండి. వైరల్ జలుబు. వారం పడుతుంది. గొంతుకు పని చెప్పకండి. కాగితం రాసిస్తాను, మూడు రోజులు సెలవు పెట్టండి."

జెన్నిఫర్ వెనక నిలబడిన లీలమ్మ మెల్లగా అడిగింది. "కషాయం తాగొచ్చునా అమ్మా?"

"తాగొచ్చు. మిరియాలు తక్కువ వేయండి, ఎండలు కదా. కానీ ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా కషాయం పెట్టుకుని కూర్చోవద్దు. వెంటనే రావాలి."

"కూసోం" అంది లీలమ్మ. "ఇగ కూసోం."

ఇంటికి వచ్చాక చిన్న రోలు వెతకాల్సి వచ్చింది. అది వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉంది. జెన్నిఫర్ కడిగి తెస్తే లీలమ్మ శొంఠి దంచింది. మిరియాలు ఎన్ని వేయాలో నానమ్మకూ మనవరాలికీ వాదన జరిగింది. ఆరు అంది నానమ్మ, రెండే అంది మనవరాలు. చివరికి నాలుగు పడ్డాయి. తులసి పక్కింటి కుండీలోంచి అడిగి తెచ్చారు. నీళ్లు సగానికి మరిగాక బెల్లం వేశారు.

లీలమ్మ గ్లాసు తెచ్చి కోడలి ముందు పెట్టింది. చేతికి ఇవ్వలేదు. సునీల దాన్ని కొంతసేపు చూసింది. ముక్కు మూసుకుపోయి ఉంది కాబట్టి ఆమె భయపడ్డ వాసన రాలేదు. వేడి మాత్రం మొహానికి తగిలింది. తాగింది. నాలుక చుర్రుమంది. చెమట పట్టింది. దుప్పటి తీసేసి కూలర్ ఉన్న గదిలోకి వచ్చి పడుకుంది. పడుకున్నది పడుకున్నట్టే తెల్లవారేదాకా నిద్రపోయింది.

ఆ ఒక్క గ్లాసుతో జలుబేమీ పోలేదు. శుక్రవారం ముక్కు ఇంకా కారింది. నాలుక మీద పొక్కు లేచింది, వేడి చేసిందని లీలమ్మ జీలకర్ర నీళ్లు ఇచ్చింది. శనివారం వాము మూటకట్టి తలగడ పక్కన పెట్టింది. ఆదివారం చర్చికి పోలేదు. డాక్టరమ్మ కాగితంతో జీతం లేని సెలవు పెట్టిన ఆ మూడు రోజుల్లో సునీల ఎక్కువగా పడుకునే ఉంది. మాట్లాడకూడదు కాబట్టి అత్త మాట్లాడితే విన్నది. శాంతయ్య చిన్నప్పటి సంగతులు కొన్ని, ఆమె ఎప్పుడూ విననివి. చెరువులో ఎడ్లు కడగబోయి మునిగిన సంగతి, మొదటిసారి లారీ నడిపి గోడకు కొట్టిన సంగతి. చెబుతూ చెబుతూ లీలమ్మ నడుమ ఆగిపోయేది. సునీల మళ్లీ మొదలుపెట్టమని అడిగేది కాదు, కాస్త ఆగితే ఆమే మొదలుపెట్టేది. ఆదివారం సాయంత్రం లీలమ్మ చాయ్ కాచి తెచ్చింది. సునీల తాగింది. పంచదార ఎక్కువైంది, ఆ మాట అనలేదు.

సోమవారం గొంతు సగం వచ్చింది. బస్సెక్కగానే అందరూ అడిగారు.

"పసుపుకొమ్ము పొగ పట్టుకున్నవు గదా అక్కా? నేనేమన్న!" అంది సంతోషి.

"నా పొట్లం కాగవెట్టుకున్నవా బిడ్డా? గట్లనే తగ్గుతది" అంది చంద్రమ్మ.

తిలిస్మాత్ చెప్పినామె అది తన మందు పనే అంది. సునీల అందరికీ అవునంది. చంద్రమ్మకు మాత్రం సీటు పక్కన ఆగి చెప్పింది.

"మా అత్తమ్మ కాసింది పెద్దమ్మా."

"మంచిగ కాసిందా?"

"కారమైంది."

చంద్రమ్మ నవ్వి గంప కొంచెం లోపలికి జరుపుకుంది, నడిచే దారి కోసం.

ఆ వారం చివర లీలమ్మకు జలుబు అంటుకుంది. జెన్నిఫర్ ముందు ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మరుసటి ఉదయం డ్యూటీకి ముందు సునీల లేచి పొయ్యి వెలిగించింది. ఈసారి ముక్కు బాగానే పనిచేస్తోంది. శొంఠీ తులసీ మరిగే వాసన ఇల్లంతా నిండింది. ఆమె ఒక నిమిషం గడప మీద కూర్చుని, లేచి, వడపోసింది.

"బెల్లం గింతేసినవేంది? కషాయమా పానకమా?" అంది లీలమ్మ, మూసుకుపోయిన ముక్కుతో.

"తాగుండ్రి. బస్సుకు టైమైంది నాకు."

ఖాకీ కోటు వేసుకుని, టికెట్ మిషన్ సంచి భుజానికి తగిలించుకుని వీధిలోకి వచ్చింది. ఇంకా తెల్లవారలేదు, అప్పుడే గాలి వేడిగా ఉంది. నిన్నటి కాళ్ల వాపు ఇంకా పూర్తిగా దిగలేదు. ఆమె మెల్లగా బస్టాండు వైపు నడిచింది.